తాగని డొప్ప

సరియాగుడ,
అరకు పోస్టు.
18 నవంబరు 1979

సోములూ,

నువ్వు కులాసాగున్నావనుకుంటాను. నాకు మాత్రం కులాసా నేదు. ఉన్నదున్నట్టు సెప్తన్నాను, దాచి ఏటి లాభం?

అయ్య పోయి రెండు నెల్లు దాటిపోనాది. నువ్వు దినాలకొచ్చి మూడ్రోజులుండి రైలెక్కీసినావు. నువ్వెళ్ళిన కాడినుంచి సిన్నయ్య భీముడు మన మెట్ట సుట్టూ తిరగతన్నాడు. మొన్న శుక్రారం సంతలో అందరూ ఇంటండగా అనీసినాడు: "ఆడగుంటలకి బూమేటి? రేపు ఎవడో సేసుకుని తీసుకుపోతాడు. అన్న మెట్ట ఇక మా బుధు దున్నుకుంటాడు." నా ఎదరే అన్నాడే! పసుపు అమ్మతన్న సెయ్యి అలాగే ఆగిపోనాది.

మూడెకరాలు. కింద సోళ్ళు, పైన వలిసెలు. పన్నెండో ఏట గొప్పు పట్టినాను, పద్నాలుగేళ్ళయింది. బుధు ఒక్క రాయి ఏరినాడేటి ఆ మెట్టలో? ఎండల్లో, ఇత్తనాల ముందు ఊరోళ్ళందర్నీ గొట్టి కూకోబెట్టి తగువు తేల్సుదామని ఊరి పెద్ద నాయుడు అన్నాడు. గొట్టిలో మగోళ్ళే కూకుంటారని నీకు తెలుసు. మన తరపున ఎవరు మాటాడతారో నాకు తెలీదు.

ఇంకోటి సెప్తాను, ఏటనుకున్నా సరే. ఆశ్రమ బళ్ళో ఏడో తరగతి నానూ పాసయినాను. నీకన్నా మూడేళ్ళు ముందు. లెక్కల్లో నాకే ఎక్కువొచ్చీవి. అమ్మ పోయినాక అయ్య కాడ ఒక గుంట ఉండాలన్నారు, పెద్దదాన్నని నన్నుంచీసినారు. నీ సదువంటే నాకు కుళ్ళే సోములూ. కార్డు మీద నీ రాత సూత్తే సాలు, సదవకండానే సూరులో దోపీత్తాను.

రాజకీయాలు సదువుతన్నావంటే తవిటమ్మత్త "ఎలచ్చన్లలో నిలబడతాదా గుంట?" అని అడిగింది. నాకేటి తెలుసు? అక్కడ ఏటి సెప్తారో ఇవరంగా రాయి. బేగి రాయి.

నీ అప్ప
కనక

—

వాల్తేరు,
అమ్మాయిల హాస్టలు.
2 డిసెంబరు 1979

అప్పకి,

నీ ఉత్తరం చదివి అన్నం మానేశాను. తర్వాత ఆకలేసి గంగాభవాని దాచిన అరిసెలు రెండు తిన్నాను. గంగాభవాని అంటే నా రూమ్మేటు, బొబ్బిలి పిల్ల, వాళ్ళ నాన్న నెలకోసారి నెయ్యి పంపుతాడు.

ఏం చదువుతున్నానని అడిగావు. ఎన్నికల్లో నిలబడడం కాదప్పా. మనుషులు ఎవరి మాట ఎందుకు వింటారు, ఎవరికి ఎవరి మీద అధికారం ఎలా వస్తుంది, అందరూ సమానమని కాగితం మీద రాసుకున్నాక కూడా ఎందుకు కారు, ఇవీ మా పాఠాలు. ఈ టర్ములో మా రీడరు గారు సమ్మతి గురించి చెబుతున్నారు. ప్రభుత్వం మాట వింటున్నాం అంటే మనం ఒప్పుకున్నాం కాబట్టి అంటారు కొందరు పెద్దలు. ఎప్పుడు ఒప్పుకున్నాం? నోరు మూసుకుని ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనా? క్లాసులో దీని మీద కొట్టుకున్నంత పని అయింది. మొన్నటి ఎమర్జెన్సీ రోజులు గుర్తుచేసుకుని గంగాభవాని ఏడ్చేసింది, వాళ్ళ మావయ్యని అప్పుడు జైల్లో పెట్టారట.

అప్పుడు నేను చెయ్యెత్తాను. మా ఊళ్ళో ఓట్లు లెక్కపెట్టరు సార్ అన్నాను. గొట్టి కూర్చుంటే ఒక్కొక్కరి చేతిలో అడ్డాకు డొప్ప పెట్టి లండ, అంటే చోళ్ళతో తీసిన కల్లు, పోస్తారు. శంకుదేవుడికి ఒక చుక్క వొంపాక ఒకరి చేతిలో డొప్ప ఇంకొకరు లాక్కోకూడదు. ఒప్పుకున్నవాడు తాగుతాడు. ఒప్పుకోనివాడు పట్టుకుని కూర్చుంటాడు. ఆఖరి డొప్ప ఖాళీ అయ్యేదాకా మాట తెగదు, ఎవరూ లేవకూడదు. తాత కాలంలో నాలుగు రోజులు కూర్చున్నారు సార్ అని చెప్పాను. క్లాసులో ముప్పై ఇద్దరం, ఏజెన్సీ నుంచి నేనొక్కదాన్నే. అందరూ నా వైపు తిరిగి చూశారప్పా! రీడరు గారు నన్ను దాని మీద వ్యాసం రాయమన్నారు.

మెట్ట నీదే. ఎవరు కాదంటారు? గొట్టిలో అందరూ ఒప్పుకుంటేనే కదా తేలేది, చిన్నయ్య ఒక్కడూ ఏం చెయ్యగలడు? నువ్వు అనవసరంగా దిగులు పెట్టుకోకు. వేసవిలో వస్తాను.

కుళ్ళు అన్నావు. నాకూ ఉంది. అయ్య ఆఖరి మాట నువ్వు విన్నావు. నాకు పోస్టు కార్డు వచ్చింది, అది కూడా జగన్నాథరావు మాస్టారి చేతిరాతతో.

ప్రేమతో
నీ సోములు

—

సరియాగుడ
20 జనవరి 1980

సోములూ,

నీ ఉత్తరం రెండు మార్లు సదివినాను. గంగాభవాని పేరు మూడు సార్లు రాసినావు. నా పేరు కవరు మీద ఒక్కసారి.

ఆ గుంట మావయ్య జైలుకెళ్తే ఏడ్సిందన్నావు. మన అయ్య ఫారెస్టోళ్ళ లాకప్పులో రెండు రోజులున్నాడు, కట్టెలు కొట్టినాడని. నీకు ఆరేళ్ళు. నువ్వు నా ఒడిలోనే పడుకున్నావు. అది క్లాసులో సెప్పినావేటి? నేదు కదా.

సర్లే, పని మాట. జగన్నాథరావు మాస్టారు మంచోడు, మైదానం మనిసైనా మనకి అర్జీ రాసి పెట్టినాడు. గొట్టి ముందే మెట్ట నా పేరూ నీ పేరూ రాయండని. పట్టుకుని బూముల ఆఫీసరు గారి కాడికెళ్ళినాను. కుర్సీ ఉంది గాని కూకోమననేదు. "సూద్దాంలే" అన్నాడు. సూద్దామన్నాడంటే సగం అయినట్టేనంట, మాస్టారు సెప్పినాడు. నువ్వొకసారి వొచ్చి ఆయన ఎదర ఇంగిలీసులో రెండు ముక్కలన్నావంటే మిగిలిన సగం అయిపోద్ది. ఒక్క రోజు సాలు. పొద్దున్న రైలుకొచ్చి మర్నాడు ఎళ్ళిపో.

మంచు బాగా పడతంది. నల్ల కోడి పదకొండు పిల్లల్ని సేసింది, గెద్ద రెండెత్తుకుపోనాది. నీకు అక్కడ ఫేనుంటాదంట కదా, మాస్టారు సెప్పినాడు. మంచం కూడా ఉంటాదంట. తొంగున్నప్పుడు నన్ను ఒకసారి తలుసుకో.

కనక

—

వాల్తేరు
16 ఫిబ్రవరి 1980

అప్పా,

ఆలస్యానికి తిట్టకు. మంచి కబురు. నా వ్యాసం మా డిపార్టుమెంటు పత్రికలో అచ్చయింది! "కుమారి ఎస్. సోములమ్మ" అని పేరు. ఇరవై సార్లు చూసుకుని ఉంటాను. రీడరు గారు వేరే సెక్షను వాళ్ళకి కూడా చదివి వినిపించారు. ఢిల్లీ కన్నా ముందే మా కొండల మీద నిజమైన సమ్మతి ఉందని నేను రాసిన వాక్యం ఆయనకి చాలా నచ్చింది.

చిన్నమ్మని పెద్దాసుపత్రిలో చూపించడానికి బుధు వచ్చి హాస్టలు గేటు దగ్గర నన్ను పిలిపించాడు. పాపం వాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. నా దగ్గర అదనంగా ఉన్న ఒక్క కాపీ వాడికిచ్చాను. నీకు పంపలేదని అనుకోకు, ఇంగ్లీషు కదా, నీకేం పనికొస్తుందని.

ఇప్పుడు రావడం కుదరదు. ఏప్రిల్లో పరీక్షలు. హాజరు తక్కువైతే స్టైపెండు ఆపేస్తారు. ఆఫీసరు గారు చూస్తానన్నారుగా, చూస్తారు. మాస్టారికి నమస్కారాలు చెప్పు.

నీ సోములు

—

సరియాగుడ
14 మార్చి 1980

సోములమ్మకి,

ఓలమ్మో, ఎంత పని సేసినావే!

బుధుగాడు ఆ పుస్తకం ఊరంతా తిప్పినాడు. నీ పేరు మీద ఏలెట్టి అందరికీ సూపించినాడు, నాకు తప్ప. తవిటమ్మత్త కూడా ముట్టుకుని సూసింది. తరవాత అయ్యా కొడుకూ దాన్ని తీసుకెళ్ళి ఆఫీసరు గారి బల్ల మీద పెట్టినారు.

నిన్న ఆయన నన్ను పిలిపించి అర్జీ ఎనక్కిచ్చీసినాడు. "మీ సెల్లే అచ్చేసిందమ్మా, గొట్టిలో తేలిందంటే ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నట్టేనని. యూనివర్సిటీలో సదివిన మీ గుంటే అలాగ సెప్తంటే మధ్యన మేవెందుకు?" అన్నాడు. నవ్వతా అన్నాడు. నాను మూడు మైళ్ళు నడిసొచ్చినాను, కళ్ళు తుడుసుకోనేదు, ఎవరికి కావాలంటే ఆళ్ళు సూత్తారని.

మాస్టారి సేత ఆ పుస్తకం తెప్పించి తెలుగులో సెప్పించుకున్నాను. బాగా రాసినావు. ఏడుపొచ్చినంత బాగా రాసినావు. ఒక్క మాట అడుగుతాను. "ప్రతి ఒక్కరి చేతిలో డొప్ప ఉంటుంది" అని రాసినావు కదా. నా సేతిలో ఎప్పుడుంది? నీ సేతిలో? సోళ్ళు నానబెట్టింది ఎవరు, లండ తీసింది ఎవరు, వొంగొంగి అందరికీ పోసింది ఎవరు? అమ్మ పోసేది, అమ్మ తరవాత నాను పోత్తన్నాను. పోసీసి గోడవతలికి ఎళ్ళిపోతాం. అందరూ అంటే నీ లెక్కలో మగోళ్ళేనా? అక్కడ నీకు నేర్పింది ఇదేనా?

ఇంగిలీసు నాకేం పనికొత్తాదన్నావు. బుధుకి వొచ్చేటి ఇంగిలీసు? ఆడు మూడో తరగతి తప్పినాడే!

సిన్నయ్య నీకు వాటా ఇత్తానన్నాడంట. ఊళ్ళో అనుకుంటన్నారు. అందుకే రానేదా? నిజం సెప్పు. ఉత్తరం రాయాలనిపించకపోతే మానీయి.

కనక

—

వాల్తేరు
2 ఏప్రిల్ 1980

అప్పా,

వాటా సంగతి పచ్చి అబద్ధం. నన్ను చిన్నయ్య ఏమీ అడగలేదు, నేనేమీ తీసుకోను. నువ్వు నమ్మావంటేనే నాకు చచ్చేంత కోపంగా ఉంది.

మిగిలినదంతా నిజం. నీ ఉత్తరం చదివి నా వ్యాసం మళ్ళీ తీశాను. ఎనిమిది పేజీలు. ఆడది అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నేను ఆడపిల్లని, గోడవతల నీ పక్కనే కూర్చుని గొట్టి విన్నదాన్ని, నాకే గుర్తు రాలేదు. క్లాసులో అందరూ నా వైపు చూస్తున్నారన్న సంతోషంలో మన ఊరిని ఒక బొమ్మలా తయారుచేసి చూపించాను. ఆఫీసరు గారికి రెండు పేజీల ఉత్తరం రాశాను, నేను రాసింది తప్పని. జవాబు లేదు.

కానీ నువ్వూ ఒకటి విను. నేనిక్కడ పట్టు పరుపుల మీద లేనప్పా. మెస్సులో నా పక్కన కూర్చోడానికి ఇద్దరు పిల్లలు ఇంకా ఒప్పుకోరు. సెలవులకి నేనొస్తే ఊళ్ళో నన్ను చుట్టంలా చూస్తారు, పీట వేస్తారు. నిన్నెవరూ పీట వేసి కూర్చోమనరు, ఎందుకంటే అది నీ ఊరు. కోడి ఎన్ని పిల్లల్ని చేసిందో నీకు తెలుసు. మెట్టలో ఏ రాయి ఎక్కడుందో నీకు తెలుసు. అయ్య నిద్రలో నిన్నే పిలిచేవాడు. నాకు కుళ్ళు లేదనుకుంటున్నావా? ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది.

నెలాఖరుకి పరీక్షలైపోతాయి. తర్వాత రీడరు గారి సెమినారుకి కాగితాలు సిద్ధం చెయ్యాలి, దానికి జీతం ఇస్తారు. గొట్టి ఎప్పుడో తేదీ తెలిస్తే రాయి. ఎలాగైనా వస్తాను.

సోములు

—

సరియాగుడ
12 జూన్ 1980

సోములూ,

తేదీ రాయనేదు. కావాలనే రాయనేదు. నువ్వొత్తే అందరూ నిన్నే సూత్తారు. పుస్తకాల గుంటొచ్చింది, ఏటి సెప్తాదో ఇందామంటారు. నాకది వొద్దనిపించింది. పాపమైతే నాకే.

గొట్టి అయిపోనాది. మొన్న మంగళారం మొదలైంది. బారికి యర్రయ్య ఊరంతా కేకేసినాడు. ఎప్పట్లాగే లండ నానే తీసినాను. మగోళ్ళు ఇరవై ముగ్గురు గుండ్రంగా కూకున్నారు. అందరికీ పోసినాను, సిన్నయ్యకీ పోసినాను, బుధుకీ పోసినాను. దేవుడికి నాయుడు సుక్క వొంపేముందు ఇంకో డొప్ప తీసి నాకు నానే పోసుకున్నాను. అయ్య కూకునే సోట, ఆ బండ పక్కన, కూకున్నాను. ముందు ఎవరూ గమనించనేదు, ఇంకా ఎవరికో పోత్తన్నాననుకున్నారు. నాయుడు సుక్క వొంపీసినాడు. అప్పుడు సిన్నయ్య సూసినాడు.

"లెగు గుంటా" అన్నాడు. లెగనేదు. డొప్ప లాగీబోయినాడు. దేవుడికి వొంపినాక లాగకూడదు కదా, అందరికన్నా పెద్దోడు సోంబరు తాత కర్రెత్తి గదిమినాడు. సిన్నయ్య సెయ్యి ఎనక్కి తీసీసినాడు.

మెట్ట బుధుకని సిన్నయ్య సెప్పినాడు. తాగమన్నారు. ఇరవై రెండు మంది తాగీసినారు. తాత మాత్రం నన్ను సూసి ఆగినాడు. నాను పట్టుకుని కూకున్నాను. తిట్టినారు, బతిమాలినారు. మా ఆడోళ్ళు గోడవతల నుంచి "ఇచ్చీయే, పరువు తీత్తన్నావు" అన్నారు, తవిటమ్మత్త మాత్రం అననేదు. అంబలి కూడా పంపింది. నాను తాగనంత వరకూ ఎవరూ లెగడానికి నేదు. లండ పులిసి వాసనొచ్చీసింది. ఒక సెయ్యి నొప్పెడితే రెండో సేత్తో పట్టుకునీదాన్ని. భయమేసింది సోములూ. అయ్యుంటే ఏటనీవాడో అని ఏడుపొచ్చింది గాని ఏడవనేదు.

బుధారం మధ్యాన్నం వానొచ్చింది. మొదటి వాన. అందరి ఇత్తనాలూ ఇళ్ళల్లో ఉన్నాయి, అందరూ ఇక్కడున్నారు. అప్పుడు ఒక్కొక్కడూ సిన్నయ్య మీద పడ్డారు. "ఆ గుంట దున్నుకుంటే నీకేటి పోద్దిరా" అని. నాయుడు మాట మార్సినాడు: అన్న మెట్ట కనకది, అది బతికున్నంత కాలం. అందరూ మళ్ళీ పోయించుకుని తాగినారు, సిన్నయ్య కూడా, మొకం ఇంత సేసుకుని. తాత తాగినాడు. ఆఖరికి నాను తాగినాను. పాడైపోనాది, తాగీసినాను.

ఒక సంగతి దాయను. నాయుడు అడిగినాడు, "మరి సోములమ్మ మాటేటి?" అని. "దాని పేరొద్దు, దానికి వాల్తేరుంది" అనీసినాను. తెలిసే అన్నాను. ఆ మాట అన్నప్పుడు సంతోసమేసింది కూడా.

ఇత్తనాలు జల్లీసినాను.

కనక

—

వాల్తేరు
25 జూన్ 1980

అప్పా,

ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. గంగాభవానికి చదివి వినిపించబోయి మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టేశాను.

నా పేరొద్దన్నావు. నాకు మెట్ట అక్కర్లేదులే అని రాయడం మొదలుపెట్టాను, ఆ కాగితం చింపేశాను. అక్కర్లేదన్నది అబద్ధం. అయ్యకి నేనూ కూతుర్నే. ఊళ్ళో నాదన్నది ఒక్క అడుగు కూడా లేకుండా చేశావు. తేదీ కూడా దాచావు. ఇంత కసి ఉందా నీకు?

అయినా నీ మీద కోపం నిలవడం లేదు, దానికన్నా పెద్దది ఇంకొకటి వచ్చి కూర్చుంది. కుళ్ళు. ఒప్పుకోకపోవడం గురించి రెండేళ్ళ నుంచి చదువుతున్నాను. మనిషి ఎప్పుడు కాదనొచ్చు, కాదంటే ఏమవుతుంది, దానికి ఏం పేరు పెట్టాలి, అన్నీ నాకు తెలుసు. చేసింది నువ్వు. ఆ బండ పక్కన కూర్చున్నది నేనైతే ఎంత బాగుండేదో అనుకుంటూ పడుకుంటున్నాను. ఆ డొప్పల సంగతి అందరికీ చెప్పినదాన్ని నేనే, నాకు మాత్రం ఒక డొప్ప తీసుకోవచ్చని తట్టనే లేదు.

రీడరు గారికి టూకీగా చెప్పాను, పేరు చెప్పలేదు. ఆయన కుర్చీలోంచి లేచారు. "ఇదే నీ పరిశోధన, ఇది రాస్తే ఎం.ఫిల్. సీటు గురించి నువ్వు అడగక్కర్లేదు" అన్నారు. ఇది రాయకపోతే నా దగ్గర ఇంకేమీ లేదప్పా. మార్కులు అంతంతమాత్రమే వస్తాయి, ఆ వ్యాసం గొడవలో పడి చదవలేదు. సీటు రాకపోతే హాస్టలు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్ళాలో కూడా ఇప్పుడు తెలియదు.

మొదటి వ్యాసం నిన్ను అడక్కుండా రాశాను. ఈసారి అడుగుతున్నాను. నీ పేరు పెట్టి, నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. తెలుగులో కూడా రాసి ముందు నీకే పంపుతాను. నువ్వు సరేనంటేనే. జూలై ఇరవై లోపల ఒక్క ముక్క రాయి.

నీ సోములు

—

సరియాగుడ
9 జూలై 1980

సోములూ,

నీ ఉత్తరం వొచ్చి వారమైంది. జవాబు నాకు అదే రోజు తెలుసు, రాయడానికి సెయ్యి రానేదు.

రాయొద్దు.

నువ్వు సరిగ్గా రాయవని కాదు. బాగా రాత్తావు, అదే నా భయం. నాకు తెలుగులో పంపినా అచ్చయ్యీది ఇంగిలీసే, అందులో నానెవరో తెలుసుకోడానికి మాస్టారి కాడికెళ్ళి సదివించుకోవాల. పెద్ద పెద్దోళ్ళు ఆ కనక మంచిదంటారు, గొప్పదంటారు, నువ్వు తల ఊపుతావు. నీకు సదువుంది, ఆ ఊరుంది, నీ పేరు అచ్చులో ఉంది. నాకు ఇది ఒక్కటుంది. ఇది కూడా నీ సేతికిచ్చి నాను సూత్తా కూకోనేను. ఇది కుళ్ళేనని నాకు తెలుసు. ఉండనీ.

సీటు రాకపోతే నీ బతుకేటని రెండ్రోజులు సరిగ్గా తిననేదు. అయినా వొద్దనే సెప్తన్నాను.

నన్ను ఇంతవరకూ ఏదీ ఎవరూ అడగనేదు సోములూ. బడి మానిపించినప్పుడు అయ్య అడగనేదు. పుస్తకంలో ఊరి సంగతి పెట్టినప్పుడు నువ్వు అడగనేదు. మొదటిసారి ఒకరు అడిగినారు, అదీ నువ్వే అడిగినావు. అందుకే నిజం సెప్పగలిగినాను.

కోపమొత్తే ఉత్తరాలు రాయకు, రైలెక్కి రా. వొచ్చినప్పుడు నీకు పీట ఎయ్యను. సోళ్ళలో కలుపు మోకాళ్ళ దాకా ఎదిగీసింది, నా ఒక్కదాని వొల్ల అవటం నేదు. కలుపు తీత్తా తిడుదువుగాని.

కనక